స్టార్‌బర్స్టర్ కోరస్‌లో ఆ ఊపిరి... మీకెలా అనిపించింది?

కాకినాడ_కెరటం:

ఫాంటేన్స్ డీసీ వినేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండి? ఈ నెల, అంటే 2024 ఏప్రిల్ 17న, సరిగ్గా శ్రీరామనవమి రోజున, వాళ్ల కొత్త సింగిల్ ‘స్టార్‌బర్స్టర్’ వచ్చింది. అప్పట్నుంచీ నాకు ఇంకో పాట చెవికెక్కడం లేదు. దీని గురించి మాట్లాడదామంటే మా వైపు మనిషి దొరకడం లేదు. ఊళ్లో ఎక్కడ చూసినా ఎన్నికల ప్రచార వ్యాన్లు, మైకులు. మా అన్నయ్యకి వినిపిస్తే సగంలోనే ఇయర్‌ఫోన్ తీసేసి, ‘ఈ అబ్బాయికి ఒంట్లో బాలేదా?’ అని అడిగాడు. నిజానికి ఆ మాటే నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఐదుగురున్న డబ్లిన్ బ్యాండ్. పాడేది గ్రియన్ చాటెన్. గిటార్లు కార్లోస్ ఓకానెల్, కానర్ కర్లీ. బేస్ కానర్ డీగన్, డ్రమ్స్ టామ్ కాల్. 2019లో మొదటి ఆల్బమ్ ‘డాగ్రెల్’, 2020లో ‘ఎ హీరోస్ డెత్’, 2022లో ‘స్కింటీ ఫియా’. ఆ మూడోది ఐర్లండ్‌లోనూ బ్రిటన్‌లోనూ చార్టులో ఒకటో స్థానానికి వెళ్లింది. నాలుగోది ‘రొమాన్స్’ ఆగస్టు 23న వస్తోంది. దాన్లోంచి ముందుగా వదిలిన పాటే ఇది.

పాట మొదట్లో మెల్లోట్రాన్ (టేపుల మీద రికార్డు చేసిన వాద్యాల శబ్దాలు పలికించే పాతకాలం కీబోర్డు) తీగల మోత వస్తుంది, గుండెలో కొంచెం భయం పుట్టేలా. దాని కింద పియానో. అంతలో డ్రమ్స్ దిగుతాయి. దిగినవి రాక్ డ్రమ్స్ కావు, హిప్ హాప్ వాళ్లు వాడే బరువైన దెబ్బ. ఇక గ్రియన్ మొదలుపెడతాడు. నాకిది కావాలి, నాకది కావాలి అని వరసపెట్టి కోరికలు. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు, ఆగడం ఉండదు. మధ్యలో చైనా క్యాలెండర్లో పంది కూడా వస్తుంది. అతను పుట్టిన 1995 వాళ్ల లెక్కలో పంది సంవత్సరమే.

తర్వాత కోరస్. ఒక లైను అంటాడు, ‘హాఁ’ అని ఊపిరి లోపలికి లాగుతాడు. ఇంకో లైను, మళ్లీ అదే. నీళ్లలో మునిగినవాడు పైకి తేలి మొదటిసారి గాలి పీల్చినట్టు ఉంటుంది. అది తాళంలోనే పడుతుంది, అయినా వినేవాడికి సుఖంగా ఉండదు. మొదటిసారి విన్నప్పుడు నా ఊపిరి కూడా ఆగింది. మెడ కింద కండరం బిగుసుకోవడం నాకే తెలిసింది.

నేను మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. ఆయాసం ఉన్నవాళ్లు కౌంటర్ దగ్గరికొచ్చి చీటీ చాపేటప్పుడు మాట కంటే ముందు వాళ్ల ఊపిరే వినిపిస్తుంది. ‘రోటాక్యాప్‌లు’ (ఆయాసానికి పీల్చే మందు గొట్టాలు) అనే ఒక్క మాటని రెండు ముక్కలుగా చెప్పేవాళ్లున్నారు. ‘రోటా’ అని ఆగి, గాలి లాగి, ‘క్యాప్‌లు’. చలికాలంలో పిల్లికూతలు షాపు బయటి నుంచే తెలిసిపోతాయి. ఇంకో రకం వాళ్లూ వస్తారు. ఈసీజీ తీయించుకుని, అంతా బావుందని డాక్టరు చెప్పాక కూడా, ‘గాలి అందడం లేదమ్మా’ అంటూ గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడేవాళ్లు. వాళ్లకి ఉబ్బసం ఉండదు. టెన్షన్. ఈ పాటలో వినిపించేది ఆ రెండో ఊపిరి. విన్నప్పుడే అనుకున్నా, ఆ తర్వాత చదివితే నిజమేనని తెలిసింది. లండన్‌లో సెయింట్ పాంక్రస్ స్టేషన్లో గ్రియన్‌కి ఒకసారి ప్యానిక్ అటాక్ వచ్చిందట. పాట అందులోంచే పుట్టిందట.

నా స్నేహితురాలు ఒకామె, మొదటి ఆల్బమ్ నుంచి వాళ్లకి వీరాభిమాని, ‘ర్యాప్ చేసేశారు, పెద్ద రికార్డు లేబుల్‌కి వెళ్లగానే మారిపోయారు’ అని వాపోతోంది. నాకేమో ఇన్నేళ్లలో వాళ్లు ఇంత దగ్గరగా వచ్చి పాడింది ఇదే అనిపిస్తోంది. మీరేమంటారు? ఆ ఊపిరి మీకెలా తగిలింది?

టేప్‌రికార్డర్:

నమస్తే అండి. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో ఎడిటింగ్ చేస్తాను. డబ్బింగులు, భక్తి పాటలు, అప్పుడప్పుడు సినిమా ట్రాకులు. మీ పోస్ట్ చదివాకే ఈ పాట విన్నాను. ఈ బ్యాండ్ పేరు వినడం కూడా ఇప్పుడే.

నా రోజువారీ పనిలో సగం ఊపిరి తగ్గించడమే. గాయకుడు పల్లవి ఎత్తుకునే ముందు గాలి తీసుకుంటాడు కదా, మైకు అంతా పట్టేస్తుంది. వేవ్‌ఫామ్‌లో, అంటే తెర మీద కనిపించే శబ్దం గీతలో, అది సన్నటి చేప ఆకారంలో కనపడుతుంది, చూసిచూసి ఇప్పుడు వినకుండానే గుర్తుపడతాను. పూర్తిగా కోసేస్తే గొంతు మనిషిది కానట్టుంటుంది కాబట్టి కొంచెం ఉంచి మిగతాది దించేస్తాం. ప్రొడ్యూసర్ పక్కన కూర్చుంటే మాత్రం ‘ఆ బ్రెత్ తీసెయ్యి, తీసెయ్యి’ అనే మాటే.

బాలు గారి ‘మాటేరాని చిన్నదాని’ తెలుసు కదా, ‘ఓ పాపా లాలీ’లో. చరణం మొత్తం ఊపిరి తీసుకోకుండా సాగుతుంది. చిన్నప్పుడు దాన్ని పోటీలు పెట్టుకుని పాడేవాళ్లం, మొహాలు ఎర్రబడేవి. అక్కడ అందమంతా ఊపిరి కనపడకపోవడంలో ఉంది. ఈ ఐర్లండ్ అబ్బాయి సరిగ్గా దానికి ఎదురు తిరిగాడు. నేను రోజూ దించేసే ఆ ముక్కని మాటలతో సమానంగా పైకెత్తి పెట్టారు. రెండు లైన్ల మధ్య మామూలుగా ఒక గిటార్ ముక్కో, కోరస్ గొంతుల జవాబో వచ్చే చోట ఈ ఊపిరిని కూర్చోబెట్టారు.

ఇంకోటి గమనించండి. మాటల దగ్గర గొంతు తాపీగా ఉంటుంది, దాదాపు పొగరుగా. భయమంతా ఆ లాగే గాలిలోనే. రెండింటినీ ఒకే గొంతులో వినిపించడానికి ధైర్యం కావాలి, మైకు దగ్గర కూర్చునేవాడిగా చెబుతున్నా. హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఫోన్ స్పీకర్లో సగం పోతుంది.

ఇది ర్యాపా, రాకా అన్న సంగతి నేను చెప్పలేను. రికార్డింగ్ చేసింది ఎవరండి?

కాకినాడ_కెరటం:

@టేప్‌రికార్డర్ గారూ, సన్నటి చేప అన్నారు చూడండి, ఇక ఆ కోరస్ వచ్చినప్పుడల్లా నాకు చేపలే కనిపిస్తాయి! ప్రొడ్యూసర్ జేమ్స్ ఫోర్డ్. ఆర్కిటిక్ మంకీస్‌తో ఏళ్ల తరబడి పనిచేసినాయన, డెపెష్ మోడ్, బ్లర్ ఆల్బమ్‌లు కూడా చేశారు. ఫాంటేన్స్ మొదటి మూడు ఆల్బమ్‌లూ డాన్ కేరీ చేతిలో తయారైనవి. లేబుల్ కూడా ఈసారి మారింది, పార్టిజన్ నుంచి ఎక్స్ఎల్‌కి వచ్చారు.

సెకండ్_ప్లాట్‌ఫామ్:

సెయింట్ పాంక్రస్ అనేసరికి ఆగలేకపోయాను. నేను లెస్టర్‌లో ఎమ్మెస్సీ చేశాను. లెస్టర్ నుంచి లండన్ వెళ్లే రైలు దిగేది అక్కడే. మన తెలుగు పిల్లలు ఎంతమంది పార్ట్‌టైమ్ ఇంటర్వ్యూలకనీ, వీసా పనులకనీ ఆ స్టేషన్లో దిగి బిక్కమొహం వేసుకుని నిలబడ్డారో లెక్కలేదు.

స్టేషన్ చాలా అందంగా ఉంటుంది, ఆ మాట ముందు చెప్పాలి. 1868లో కట్టింది. పైన ఇనుము, గాజుతో ఒకే పెద్ద కమాను, మధ్యలో ఒక్క స్తంభం ఉండదు. పై అంతస్తులో పారిస్ వెళ్లే యూరోస్టార్లు, ఒక పక్క మా మిడ్‌లాండ్స్ రైళ్లు, కింద థేమ్స్‌లింక్ లోకల్ రైళ్లు, ఇంకా కిందకెళ్తే ట్యూబ్, అంటే లండన్ మెట్రో. దుకాణాల మధ్య ఎవరైనా వాయించుకోమని పియానోలు పెట్టారు. సూట్‌కేసు చక్రాల చప్పుడు, అనౌన్స్‌మెంట్లు, ఎవరో వాయిస్తున్న పియానో, అన్నీ కలిసి ఆ గాజు కప్పుకి తగిలి మళ్లీ మన మీదకే వస్తాయి. బాగున్న రోజు అదంతా పండగలా ఉంటుంది. బాగోలేని రోజు ఎటు నడవాలో కాళ్లకి తెలియదు, నిలబడదామంటే వెనక నుంచి జనం నెట్టుకుంటూ పోతారు.

నాకక్కడ అలాంటి రోజు ఒకటి గడిచింది. అటాక్ అనను. ఇంటర్వ్యూ పోయి తిరిగొస్తుంటే అరచేతులు తడిసి, చెవుల్లో హోరు మొదలైంది. ఇటుక గోడకి వీపు ఆనించి కూర్చుండిపోయాను. పాటలో సగం దాటాక ఒక చోట డ్రమ్స్ ఆగిపోయి, తీగలు మెత్తబడి, అతను అరవడం మాని నిజంగా పాడతాడు కదా, ఆ చోట నాకు ఆ గోడ గుర్తొచ్చింది. కొద్దిసేపు లోకం దూరం జరుగుతుంది. నయమైనట్టు అనిపిస్తుంది. మళ్లీ డ్రమ్స్ దిగుతాయి, మళ్లీ అదే ఊపిరి. అది ఉన్నదున్నట్టు చెప్పినందుకు వాళ్లకి దండం పెట్టాలి. ఒకసారి తగ్గి మళ్లీ రావడమే అసలు కష్టం.

లిబర్టీస్_లిఫీ:

నేనుండేది డబ్లిన్‌లోనే, హాస్పిటల్లో నర్సుగా చేస్తున్నా. వీళ్లు కలుసుకున్నది ఇక్కడి బిమ్ అనే మ్యూజిక్ కాలేజీలో. డ్యూటీకి వెళ్లే దారిలో లిబర్టీస్ మీదుగా వెళ్తాను, గిన్నిస్ బీరు ఫ్యాక్టరీ ఉన్న పేట, పొద్దున్నే వేగిన బార్లీ వాసన వస్తుంది. డాగ్రెల్‌లో సగం పాటలు ఆ వీధుల్లోవే. ఒక మాట చెప్పాలనిపించింది. వీళ్లు బ్యాండ్ కాకముందే కవిత్వం దగ్గర కలిసినవాళ్లు, చిన్న చిన్న కవితా సంపుటాలు కూడా అచ్చు వేసుకున్నారు. కాబట్టి మాటలు గుక్కతిప్పుకోకుండా దొర్లించడం కొత్త కాదు. ర్యాప్ అని ఎవరికైనా అనిపిస్తే అనిపించనీ, నాకు మాత్రం పబ్బు మూలన నిలబడి కవిత చదివే కుర్రాడే వినిపిస్తున్నాడు.

ఇక్కడ ఇప్పుడు బస్సుల్లో పిల్లలంతా వాళ్ల కొత్త వేషం గురించే మాట్లాడుకుంటున్నారు, రంగు జుట్లు, పెద్ద కళ్లజోళ్లు. ఉంటాను, నైట్ డ్యూటీ.

డాగ్రెల్_తర్వాతే_ఏదైనా:

నేను ఒప్పుకోను అండి. అభిమానం లేక కాదు, ఉండే రాస్తున్నా.

డాగ్రెల్‌లో ‘బిగ్’ పాట రెండు నిమిషాలు కూడా ఉండదు. ఒకే గదిలో ఐదుగురు నిలబడి వాయిస్తుంటే తలుపు దగ్గర మనం నిలబడి విన్నట్టుంటుంది. ‘బాయ్స్ ఇన్ ద బెటర్ ల్యాండ్’లో ఆ టాక్సీ డ్రైవర్ని మర్చిపోగలమా? పేటలు, మనుషులు, వాన, అన్నీ కళ్లముందు నడిచేవి. నేను వరంగల్‌లో కూర్చుని డబ్లిన్ వీధులు తెలుసుకున్నది ఆ ఆల్బమ్‌తోనే. స్టార్‌బర్స్టర్‌లో ఊరు ఏది? మనిషి ఏడి? అంతా ‘నేను, నాకు, నా’. గిటార్లు కూడా వెనక్కి వెళ్లిపోయాయి. కర్లీ, ఓకానెల్ ఇద్దరూ ఉండి కూడా గిటార్ కోసం వెతుక్కోవాలా?

మెల్లోట్రాన్ బాగుంది, ఊపిరి సంగతి కూడా బాగుంది, టేప్‌రికార్డర్ గారు చెప్పాక ఇంకా బాగుంది. కానీ అది ఒక ఎత్తుగడ. నాలుగైదు సార్లు విన్నాక ఎత్తుగడ అరిగిపోతుంది, పాట అరగదు. ఆల్బమ్ అంతా ఇలాగే ఉంటే నాకు బెంగే.

కాకినాడ_కెరటం:

మీరు మనసులో మాట చెప్పారు కాబట్టి నేనూ వివరంగానే చెబుతాను. మా స్నేహితురాలికి కూడా ఇదే పంపిస్తాను.

ఊరు ఏది అన్నారు. వాళ్లు ఇప్పుడు ఆ ఊళ్లో లేరు కదండి. చాలామంది లండన్ వెళ్లిపోయారు. స్కింటీ ఫియా మొత్తం ఆ బాధే, ఐర్లండ్ వదిలి ఇంగ్లండ్‌లో బతికే ఐరిష్ మనిషి బాధ. దాని మొదటి పాటే చూడండి. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఒక ఐరిష్ కుటుంబం, తల్లి సమాధి రాయి మీద ఐరిష్ భాషలో ‘మా గుండెల్లో ఎప్పటికీ’ అని రాయించుకుంటామంటే, పక్కన ఇంగ్లిష్ అనువాదం లేకుండా కుదరదన్నారు చర్చి వాళ్లు. ఆ కుటుంబం పోరాడి 2021లో గెలిచింది. ఆ పాట దాని మీద కట్టిందే. అలాంటి ఆల్బమ్ తర్వాత మళ్లీ లిబర్టీస్ వీధుల గురించి పాడితే అది పాత ఫొటో తీసి చూపించినట్టుంటుంది. ఇప్పుడు వాళ్లకున్న చోటు సెయింట్ పాంక్రస్ లాంటిదే. ఎవరిదీ కాని చోటు, అందరూ ఎక్కడికో వెళ్తూ ఆగే చోటు. ఊరు పాటలో లేకపోవడమే ఇప్పటి వాళ్ల నిజం.

‘ఐ లవ్ యూ’ గుర్తుందా, స్కింటీ ఫియాలో? మొదట మెత్తగా ప్రేమ పాటలా నడిచి, తర్వాత దేశం మీద కోపంతో ధారగా మాటలు కురుస్తాయి. చివరికొచ్చేసరికి అతనికి గాలి అందడం లేదేమో అనిపిస్తుంది. స్టార్‌బర్స్టర్ నాకు దాని చెల్లెల్లా ఉంది. అప్పుడు దాచుకున్న ఊపిరిని ఇప్పుడు బయట పెట్టాడు. 2020 నాటి ‘ఎ హీరోస్ డెత్’ పాట కూడా చూడండి, ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెప్పి చెప్పి, ధైర్యం చెబుతున్నాడో భయపడుతున్నాడో తెలియకుండా చేశాడు. అదీ ఎత్తుగడే అనుకుంటే ఎత్తుగడే. మనం నాలుగేళ్లుగా వింటున్నాం, అరిగిందా?

గిటార్ల విషయంలో మీతో కొంత ఏకీభవిస్తాను. నాకూ ఇంకొంచెం కావాలనిపించింది. కానీ బేస్ వినండి, డీగన్ ఎంత కింద నుంచి పట్టుకున్నాడో. టామ్ కాల్ ఆ హిప్ హాప్ దెబ్బని యంత్రంలా కాకుండా మనిషి చేత్తో కొడుతున్నాడు, స్నేర్ డ్రమ్ మీద దెబ్బ ప్రతిసారీ ఒకేలా పడదు. అమెరికన్ మెటల్ బ్యాండ్ కోర్న్ ప్రభావం ఉందని వాళ్లే చెప్పుకున్నారు, నేను కోర్న్ పెద్దగా వినలేదు, మీరెవరైనా చెప్పాలి. నిరుడు గ్రియన్ సొంతంగా ‘కేయాస్ ఫర్ ద ఫ్లై’ చేసినప్పుడు నాజూకు పాటలన్నీ అక్కడ పోసేశాడు. అందుకే బ్యాండ్‌తో కలిసేసరికి ఇంత గట్టిగా కొట్టగలిగాడని నా నమ్మకం.

‘నేను, నాకు, నా’ అన్నారు. భయం పట్టుకున్న మనిషికి నోట్లో వేరే మాట రాదండి. మా కౌంటర్ దగ్గర చేతులు వణుకుతూ నిలబడేవాళ్లని స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ‘నెమ్మదిగా వదలండి, ముందు వదలండి’ అంటాను. వాళ్లంతా లాగడం మీదే ఉంటారు, వదలడం మర్చిపోతారు. పాటలో కూడా ఒక్కసారి శ్రద్ధగా వినండి. అన్నీ లోపలికి లాగే ఊపిర్లే. బయటికి వదిలే చప్పుడు నాకెక్కడా వినపడలేదు. మాటలే అతని బయటి ఊపిరి. ఇది ఎవరో స్టూడియోలో కూర్చుని తెలివిగా వేసిన ఎత్తుగడ అని నేననుకోను. అనుభవించినవాడు చేసిన పని.

@సెకండ్_ప్లాట్‌ఫామ్ గారూ, మీ గోడ సంగతి చదివాక ఆ మధ్య భాగం నేను వేరేగా వింటున్నాను. అది విశ్రాంతి అనుకునేదాన్ని. మళ్లీ రావడమే కష్టం అన్నారు, నిజం.

టేప్‌రికార్డర్:

లోపలికి లాగేవే ఉన్నాయన్న మాట నన్ను కుర్చీలోంచి లేపింది. వెళ్లి ట్రాక్ తెరిచి చూశాను. ఫైనల్ మిక్స్ కాబట్టి గొంతు విడిగా దొరకదు, కానీ కోరస్‌లో మీరన్నట్టే ఉంది. మా మైకు ముందు కూర్చునే కుర్రాళ్లకి దీన్ని వినిపించబోతున్నా. ఊపిరికి భయపడి మైకు నుంచి తల తిప్పేస్తుంటారు.

డాగ్రెల్_తర్వాతే_ఏదైనా:

‘ఐ లవ్ యూ’ని గుర్తుచేశారు కాబట్టి రెండూ వెంటవెంటనే విన్నాను. చెల్లెలు అన్నమాట ఒప్పుకుంటాను. గిటార్ మీద మాత్రం నా ఫిర్యాదు అలాగే ఉంది, ఆగస్టు 23 శుక్రవారం దాకా ఉంటుంది.

మీ స్నేహితురాలికి స్టార్‌బర్స్టర్ ఒక్కటే పంపకండి. ముందు ‘టూ రియల్’, తర్వాత ‘టెలివైజ్డ్ మైండ్’, తర్వాత ‘ఐ లవ్ యూ’, చివర ఇది, ఈ వరసలో పెట్టి పంపండి. ఒక్కో ఆల్బమ్ నుంచి ఒక్కోటి. నాకు పనిచేసింది ఆ వరసే. ఆమె ఏమందో ఇక్కడ రాయండి.

కాకినాడ_కెరటం:

ఇప్పుడే పంపాను అండి. మీ వరసలోనే, మధ్యలో ‘బిగ్’ కూడా కలిపి.